మున్సిపాలిటీలో కలిసిన ఊరికి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆదాయ పరిమితి ఎంత?

మాది తెలంగాణ, బీసీ-బీ. మా చెల్లెలికి ఈ ఏడాది ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలో కన్వీనర్ కోటా (ప్రభుత్వ కౌన్సెలింగ్ ద్వారా ఇచ్చే) సీటు వచ్చింది. మేనేజ్‌మెంట్ కోటా కాదు, స్పాట్ అడ్మిషన్ కూడా కాదు. ర్యాంకు 10 వేలు దాటింది కాబట్టి ప్రభుత్వం నుంచి ఫీజు 35,000 రూపాయల వరకే వస్తుందని తెలుసు. ఆ మాత్రం వచ్చినా మాకు కొండంత అండ.

చిక్కంతా ఆదాయ పరిమితి దగ్గరే. బీసీలకు గ్రామాల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు. మా ధ్రువపత్రంలో 1,80,000 ఉంది. 2024 సెప్టెంబరులో ఔటర్ రింగ్ రోడ్డు చుట్టూ ఉన్న 51 పంచాయతీలను మున్సిపాలిటీల్లో కలిపినప్పుడు మా ఊరూ కలిసింది. ఇంటి పన్ను రసీదు మున్సిపాలిటీ పేరు మీదే వచ్చింది. ఆధార్‌లో, ఆదాయ ధ్రువపత్రంలో మాత్రం ఇంకా 'గ్రామం' అనే ఉంది.

కళాశాల గుమాస్తా దరఖాస్తు చూసి, గ్రామం కాబట్టి అర్హత లేదన్నారు. పన్ను రసీదు చూపించినా ఒప్పుకోలేదు. మీసేవలో అడిగితే చిరునామా మార్చడం తమ చేతిలో లేదన్నారు. సహాయ కేంద్రానికి మూడు రోజులు ఫోన్ చేసినా ఎవరూ ఎత్తలేదు.

ఇలా విలీనమైన ఊళ్ల నుంచి దరఖాస్తు చేసి మంజూరు పొందినవారు, పట్టణ పరిమితి వర్తించడానికి ఏ పత్రం జతచేశారు?