అప్‌డేట్: రాత్రి నవల, పొద్దున షుగర్
పడుకునే ముందు నవల చదివే అలవాటు వల్లే పొద్దున పరగడుపు షుగర్ పెరుగుతోందా అని అడిగాను కదా, డాక్టర్‌ని కలిశాను. పడుకునేటప్పుడు, తెల్లవారుజామున మూడింటికి, లేవగానే చూసుకోమన్నారు. మూడింటికి మామూలుగానే ఉంది, ఆ తర్వాతే పెరుగుతోంది, అంటే ఆ వేళలో కార్టిసాల్ లాంటి హార్మోన్ల వల్ల లివర్ గ్లూకోజ్ వదులుతోందట, పుస్తకం పాపమేమీ లేదు! ఇన్సులిన్ ఆయనే మార్చారు, నన్ను చూసి మీరు సొంతంగా మార్చుకోకండి. చదవడం మానలేదు, కాకపోతే నిద్ర చెడకుండా ఒక్క అధ్యాయమే (సస్పెన్స్ నవలైతే ఈ రూల్ నిలవదనుకోండి). షుగర్ మీటర్ పుస్తకం మీదే పెడుతున్నా, దాన్ని తీస్తేగానీ పేజీ తెరవలేను. చదువుతుంటే అక్షరాలు అలుక్కుపోయి చేతులు వణికితే నిద్రమత్తు అనుకోకుండా, షుగర్ పడిపోయిందేమోనని వెంటనే టెస్ట్ చేసుకుంటున్నా. 70 కన్నా తక్కువుంటే 15 గ్రాముల గ్లూకోజ్, 15 నిమిషాలాగి మళ్లీ టెస్ట్.