పాత మైఎస్‌క్యూఎల్‌కి జాంగో కలిపితే తెలుగు పేర్లన్నీ పిచ్చిగీతలు, టైమ్ కూడా తేడా

కోఠి_కుర్రాడు
మా బాబాయికి కోఠిలో పుస్తకాల హోల్‌సేల్ షాపు ఉంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఎప్పుడో ఎవరో పీహెచ్‌పీలో రాసిచ్చారు, రాసినాయన ఇప్పుడు ఫోన్ ఎత్తడు, కానీ అది మాత్రం నడుస్తూనే ఉంది. జూన్‌లో బడులు తెరిచేటప్పుడు కౌంటర్ ఒక్క గంట ఆగినా బాబాయి నన్ను గడప తొక్కనివ్వడు. రోజు అమ్మకాలు, ఎవరు ఎంత బాకీ అనేది ఫోన్‌లో చూసుకోడానికి జాంగో 5.2 (పైథాన్‌లో సైట్లు కట్టే సాధనం)తో చిన్న సైట్ చేస్తున్నా. షాపు డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ 8.0, కనెక్ట్ అయింది, ఇన్‌స్పెక్ట్‌డీబీ (ఉన్న టేబుల్స్ చూసి కోడ్ రాసిచ్చే కమాండ్) కొడితే మోడల్స్ (ఒక్కో టేబుల్‌కి ఒక్కో జాంగో క్లాస్) వచ్చాయి. తర్వాతే మొదలైంది టెన్షన్. పాత స్క్రీన్‌లో శుభ్రంగా కనిపించే తెలుగు పేర్లు జాంగోలో పిచ్చిగీతల్లా వస్తున్నాయి. పొద్దున 11కి కొట్టిన బిల్లు సాయంత్రం 4:30 అని చూపిస్తోంది. బిల్లు ఐటమ్స్ టేబుల్ తెరిస్తే అసలు లేని ఐడీ కాలమ్ అడుగుతోంది. మైగ్రేట్ (డేటాబేస్‌లో టేబుల్స్ చేసే, మార్చే కమాండ్) కొట్టాలంటే చేతులు వణుకుతున్నాయి.

మియాపూర్_మెట్రో
మైగ్రేట్ సంగతి ముందు. ఇన్‌స్పెక్ట్‌డీబీ ఇచ్చిన మోడల్స్‌లో మేనేజ్డ్ ఈక్వల్స్ ఫాల్స్ ఉంటుంది, అది తీసేయనంతవరకు ఆ టేబుల్స్ జోలికి జాంగో పోదు. అయితే లాగిన్‌లు, సెషన్‌ల కోసం తన సొంత టేబుల్స్ మాత్రం అదే డేటాబేస్‌లో పెట్టేస్తుంది. అందుకని జాంగోకి వేరే డేటాబేస్ డిఫాల్ట్‌గా ఇచ్చి, షాపుదాన్ని రెండోదిగా పెట్టి, ఏ మోడల్‌కి ఏ డేటాబేస్ అని చెప్పే రౌటర్ రాయి. ఇంకా ముఖ్యం, షాపు డేటాబేస్‌కి సెలెక్ట్ (చదవడం) ఒక్కటే అనుమతి ఉన్న కొత్త యూజర్‌ని చేసి దాంతోనే కనెక్ట్ అవ్వు. అప్పుడు నువ్వు నిద్రమత్తులో ఏం కొట్టినా బాబాయి బిల్లులకి ఏం కాదు.

టైమ్ తేడా సరిగ్గా అయిదున్నర గంటలు, గమనించావా? పాతది మన టైమ్‌నే రాసింది, జాంగో దాన్ని యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అనుకుని మళ్లీ 5:30 కలుపుతోంది. డేటాబేస్ సెట్టింగ్స్‌లో ఆ రెండో దాని కిందే టైమ్ జోన్ ఏషియా/కోల్‌కతా అని పెడితే సరిపోతుంది.

కోఠి_కుర్రాడు
టైమ్ సరిపోయింది అన్నా, థ్యాంక్స్! పేర్ల కోసం పైథాన్‌లో సీపీ1252 (విండోస్ పాత అక్షరాల కోడ్)కి ఎన్‌కోడ్ చేసి యూటీఎఫ్-8 (అన్ని భాషలకీ పనికొచ్చే కోడ్)గా డీకోడ్ చేశా. సీత, రాధ బాగానే వచ్చాయి. లక్ష్మి, రాము దగ్గర ఎర్రర్. ఈ పేర్లేం పాపం చేశాయి?

పొల్లు_కొమ్ము
నా పేరు చూస్తే తెలియట్లేదా తమ్ముడూ 😄 యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షరానికి, గుణింతం గుర్తుకి మూడేసి బైట్లు. పొల్లుకి చివరి బైట్ హెక్స్‌లో 8డీ, కొమ్ముకి 81. ఒత్తు లోపల దాగేది పొల్లే. పైథాన్ సీపీ1252లో ఈ రెండు స్థానాలూ ఖాళీ, అందుకే ఒత్తు ఉన్న పేరు, కొమ్ము ఉన్న పేరు కనిపిస్తే చాలు చేతులెత్తేస్తుంది. మీ పాత పీహెచ్‌పీ యూటీఎఫ్-8 బైట్లని లాటిన్1 (ఇంగ్లిష్ లాంటి భాషల పాత కోడ్) కాలమ్‌లో పెట్టింది, పిచ్చిగీతలు అందుకే. మైఎస్‌క్యూఎల్ తన లాటిన్1లో ఆ బైట్లని అలాగే దాచుకుంటుంది కాబట్టి బాగుచేసే పని అక్కడే చేయాలి.

చాలామంది కాలమ్‌ని బైనరీకి మార్చి, అక్కణ్నుంచి యూటీఎఫ్8ఎంబీ4 (మైఎస్‌క్యూఎల్‌లో పూర్తి యూటీఎఫ్-8)కి మార్చేయమంటారు. పద్ధతి సరైనదే కానీ నీకు పనికిరాదు, ఎందుకంటే పాత పీహెచ్‌పీ ఇంకా లాటిన్1 అనుకునే చదువుతోంది, మర్నాడు కౌంటర్‌లో అన్నీ ప్రశ్నార్థకాలే. టేబుల్ ముట్టుకోకుండా ఒక వ్యూ (టేబుల్‌లా చదవగలిగే, దాచిపెట్టిన క్వెరీ) చెయ్యి: పేరు కాలమ్‌ని క్యాస్ట్‌తో బైనరీ చేసి, కన్వర్ట్ యూజింగ్ యూటీఎఫ్8ఎంబీ4. మోడల్‌లో డీబీ టేబుల్ దగ్గర ఆ వ్యూ పేరు ఇవ్వు.

ఇంకోటి, కాలమ్ వార్‌కార్ 50 (లాటిన్1లో అంటే 50 బైట్లే) అయితే పెద్ద పేర్లు ఇప్పటికే తెగిపోయి ఉంటాయి. లక్ష్మి ఒక్కదానికే 21 బైట్లు. తోక తెగినవి మళ్లీ రావు, బాబాయి ఖాతా పుస్తకం చూసి రాసుకోవాల్సిందే.

మియాపూర్_మెట్రో
ఐటమ్స్ టేబుల్‌కి ప్రైమరీ కీ (ఒక్కో వరుసని విడిగా గుర్తుపట్టే కాలమ్) లేకపోతే జాంగో ఐడీ ఉందనే అనుకుంటుంది. బిల్లు నంబర్, వరుస నంబర్ కలిపి ఎక్కడా రిపీట్ కాకపోతే 5.2లో వచ్చిన కాంపోజిట్ ప్రైమరీ కీ పెట్టు. కానీ అలా పెడితే ఆ మోడల్‌ని అడ్మిన్‌లో (జాంగో రెడీమేడ్ నిర్వహణ స్క్రీన్లు) రిజిస్టర్ చేయలేవు.

కోఠి_కుర్రాడు
అడ్మిన్ నాకెందుకు, బాబాయికి బాకీల లిస్టు చాలు. వ్యూ పనిచేసింది, లక్ష్మి వచ్చింది, రాము వచ్చాడు. తెగిన పేర్లు 37 తేలాయి, ఆదివారం ఖాతా పుస్తకంతో కూర్చోవాలి.