"సమ్‌థింగ్ వికెడ్ దిస్ వే కమ్స్" తెలుగులో ఎలా? (హ్యారీ పాటర్ మూడో సినిమాలో కప్పల కోరస్)

ప్రశ్న:
అందరికీ నమస్కారం. హ్యారీ పాటర్ మూడో సినిమా ఉంది కదా, 2004లో వచ్చిన అజ్కబాన్ ఖైదీ కథ, అందులో స్కూలు తెరిచిన రాత్రి పిల్లలు పెద్ద పెద్ద కప్పల్ని చేతుల్లో పట్టుకుని "డబుల్ డబుల్ టాయిల్ అండ్ ట్రబుల్" అని పాడతారు, చివర్లో "సమ్‌థింగ్ వికెడ్ దిస్ వే కమ్స్" అని వస్తుంది, పోస్టర్ మీద కూడా ఆ మాటే వేశారు. మా అమ్మాయిని దాన్ని తెలుగులో రాసుకురమ్మన్నారు. "ఏదో చెడ్డది ఇటు వస్తోంది" అని రాసింది. అర్థం సరిపోయింది గానీ పాడితే పాటలా లేదు. ఎవరైనా సాయం చేస్తారా?

జవాబు:
మేడమ్, ముందు ఒక సంగతి. ఈ పాట రౌలింగ్ నవల్లో లేదు, సినిమా కోసం జాన్ విలియమ్స్ కట్టిన బాణీ, మాటలు మాత్రం షేక్‌స్పియర్‌వి, మాక్బెత్ నాలుగో అంకం మొదటి రంగంలో ముగ్గురు మంత్రగత్తెలు కాగు చుట్టూ తిరుగుతూ పాడేవి. కాబట్టి పిల్లల పాటే కదా అని తేలిగ్గా తీసుకోకుండా నాటకంలో ఆ లైను ఎక్కడ వస్తుందో చూసి రాయాలి అంటాను.

ఇక నడక. ఇంగ్లీషులో ఇది ఒక బరువు ఒక తేలిక, ఒక బరువు ఒక తేలిక అని నాలుగు సార్లు కొట్టే పాదం. మన ఛందస్సులో గురువు (రెండు మాత్రల బరువు అక్షరం) తర్వాత లఘువు (ఒక మాత్ర తేలిక అక్షరం) వస్తే హగణం, సూర్యగణాల్లో ఒకటి, రెండోది మూడు లఘువుల నగణం. అంటే ఈ నడక మనకి పరాయిది కానే కాదు, ఆటవెలదిలో రెండో పాదం నాలుగో పాదం నిండా ఉండేవి సూర్యగణాలే. "చూడ చూడ రుచుల జాడ వేరు" అని పైకి చదివి చూడండి, చూడ, చూడ, రుచుల, జాడ, వేరు, ఐదు దెబ్బలు. అందులోంచి ఒకటి తీసేస్తే మంత్రగత్తెల పాట నడక వచ్చేసినట్టే. వాళ్ళు ఊనిక చూస్తారు మనం మాత్రలు చూస్తాం, ఆ తేడా ఉంది, అయినా చప్పట్లు కొట్టి పాడితే రెండూ ఒకే చోట పడతాయి.

పల్లవి ఇలా అనుకున్నాను:
ఇబ్బడవ్వు ముబ్బడవ్వు
మంట మండు కాగు పొంగు

"ఫైర్ బర్న్ అండ్ కాల్డ్రన్ బబుల్"లో బర్న్స్ అనలేదు బర్న్ అన్నాడు, అది వర్ణన కాదు, మంటా మండు, కాగూ పొంగు అని ఆజ్ఞాపించడం. మనకి ధాతువే ఆజ్ఞ కాబట్టి మండు, పొంగు అంటే చాలు, ఒక్క అక్షరం కూడా అదనంగా పెట్టక్కర్లేదు. టాయిల్, ట్రబుల్ రెండూ ఇందులో జారిపోయాయి, ఆ మాటలు కూడా కావాలంటే మొదటి పాదం "పాటు పోటు ముబ్బడవ్వు" అని మార్చుకోవచ్చు.

మరొకరు:
కాగు భలే కుదిరింది సార్, మా అమ్మమ్మ వాళ్ళింట్లో నీళ్ళు కాచే రాగి కాగు గుర్తొచ్చింది. చివరి లైనుకి నాది: "చెడ్డదేదొ చేరుతోంది". నాలుగు సూర్యగణాలు ఉన్నాయి, చె కి చే తో యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో పొసిగే అక్షరం) కూడా పడింది.

ఇంకొకరు:
యతి బావుందన్నా కానీ "చెడ్డది" దగ్గర ఇబ్బంది వస్తది. మన భాషల ఆడమనిషిని కూడా "అది" అంటరు కదా, "చెడ్డది వస్తోంది" అంటే ఎవరో చెడ్డ ఆడమనిషి వస్తోందనే వినబడతది. పైగా పాడేది మంత్రగత్తెలు. చెడ్డవాడు అంటే పోలా, వచ్చేది మాక్బెత్తే కదా.

ఒక సభ్యురాలు:
దానికి ముందు లైను "బై ద ప్రికింగ్ ఆఫ్ మై థంబ్స్" కదండీ. మనకి బొటనవేలు శకునం లేదు, కన్ను అదరడం ఉంది. "కన్ను అదురుతోంది" అని పెడితే మన పిల్లలకి వెంటనే ఎక్కుతుంది. కాకపోతే ఆడవాళ్ళకి ఎడమ కన్ను అదిరితే మంచిది, కుడిదైతేనే కీడు, అది చూసుకుని రాయాలి.

జవాబు (మొదట రాసినవారే):
"చెడ్డది" మీద అభ్యంతరం నూటికి నూరుపాళ్ళూ ఒప్పుకోవాల్సిందే. కానీ "చెడ్డవాడు" మాత్రం వద్దండీ, ఈ లైను ప్రాణమంతా ఆ "సమ్‌థింగ్"లోనే ఉంది. అప్పటికి మాక్బెత్ రాజయ్యాడు, పాత రాజు డంకన్‌ని చంపాడు, తోటి సేనాని బాంకోని చంపించాడు, అలాంటివాడు గుమ్మం దాకా వస్తే మంత్రగత్తె మనిషి అనలేదు, ఏదో అంది. ఆ వెంటనే "హూఎవర్ నాక్స్" (తట్టేది ఎవరైనా సరే) అని తలుపులు తెరుచుకోమంటుంది, అక్కడికి గానీ "ఎవరు" అన్న మాట రాదు. మనం ముందే "వాడు" అనేస్తే ఆ వరస చెడిపోతుంది.

సినిమాలో ఇది ఇంకా ఎక్కువ అవసరం. మొదటి రెండు సినిమాలు క్రిస్ కొలంబస్ తీశాడు, మూడోది అల్ఫోన్సో క్వారోన్ చేతికి వచ్చేసరికి రంగులే మారిపోయాయి, ఆ చీకటి అంతా ఈ ఒక్క లైనులో పెట్టాడనిపిస్తుంది నాకు. పాటకి కాస్త ముందే రైల్లో డిమెంటర్లు, అంటే అజ్కబాన్ జైలుకి కాపలా ఉండే పిశాచాల్లాంటివాళ్ళు, ఎక్కుతారు, కిటికీలు గడ్డకడతాయి, ఆ వణుకు తగ్గకముందే కోరస్ మొదలవుతుంది, కాబట్టి చూసేవాళ్ళు ఆ వచ్చేది డిమెంటర్లో జైలు నుంచి పారిపోయిన సిరియస్ బ్లాకో అనుకుంటారు. తీరా చూస్తే సిరియస్ ఏ తప్పూ చెయ్యనివాడు, హ్యారీ మేలు కోరేవాడు, అసలు ద్రోహి పెటిగ్రూ 12 ఏళ్ళుగా హ్యారీ స్నేహితుడు రాన్ వాళ్ళింట్లో ఎలకై ముద్దలు తింటున్నాడు. కీడెంచి మేలెంచమన్నారు, ఇక్కడ కీడు అనుకున్నవాడు మేలయ్యాడు, మేలు అనుకున్న ఎలక కీడయ్యింది. అందుకే నా ఓటు "కీడు"కి. ఆ మాటకి ఆడా మగా లేదు, మనిషో జంతువో చెప్పదు, కథ ఏం దాచిందో అది కూడా అంతే దాస్తుంది.

కన్ను అదరడం చక్కటి ఆలోచనే అమ్మా, కుడి ఎడమల సంగతి నేను ఆలోచించనే లేదు. అయినా బొటనవేలే ఉంచుదామంటాను. పన్ను పొడుస్తోంది, నరం పొడుస్తోంది అని మనం రోజూ అనే మాటే, అలాగే వేలు పొడుస్తోంది అంటే శకునం తెలియకపోయినా ఒళ్ళు పసిగట్టిందని అర్థమైపోతుంది. ఇంకోటి, పెటిగ్రూ తను చచ్చినట్టు నమ్మించడానికి వదిలిపోయింది తెగిన వేలు ఒక్కటే. సినిమావాళ్ళు అది తలచుకునే ఈ పాట ఎంచుకున్నారని నేను అనను గానీ తెలుగులో వేలు పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

బొటనవేలు పొడుచుతోంది
ఇటుగ కీడు నడుచుతోంది

పొడుస్తోంది అంటే గణం చెడుతుంది, అందుకని పొడుచుతోంది. మొదటి పాదంలో బొ కి పొ యతి ఉంది, రెండోదాంట్లో లేదు, అంత్యప్రాస ఉంది కదా అని వదిలేశాను. "కీడు ఇటుగ" అంటే ఉత్వసంధి జరిగి "కీడిటుగ" అయిపోయి నడక పోతుంది కాబట్టి "ఇటుగ" ముందు పెట్టాను, "దిస్ వే" మీద ఊనిక కూడా నిలిచింది.

అడిగినవారు:
చాలా చాలా థాంక్సండీ, అమ్మాయి అప్పుడే చప్పట్లు కొట్టి పాడేస్తోంది. మధ్యలో న్యూట్ కన్ను, కప్ప వేలు, గబ్బిలం బొచ్చు అని ఒక జాబితా ఉంది, అది కూడా వస్తుందా? న్యూట్‌ని ఏమంటారు మనవాళ్ళు?

జవాబు:
న్యూట్ తోక ఉన్న ఉభయచరం, మన చెరువుల్లో కనపడదు, దానికోసం కొత్త పేరు పుట్టించొద్దు, వదిలెయ్యండి. మిగతావి మాత్రం మన ఛందస్సు కోసమే పుట్టినట్టున్నాయి, ప్రతి మాటా హగణమే:

కప్ప వేలు కుక్క నాల్క
బల్లి కాలు గూబ రెక్క

గబ్బిలం బొచ్చు నాకు ఇంకా లొంగలేదు. "గబ్బిలాల" అంటే రెండు గణాలు వస్తున్నాయి, బొచ్చు ఒకటి, నాలుగో గణానికి ఏం పెట్టాలో ఎవరికైనా తోస్తే చెప్పండి.