డబ్బా నిండుగానే ఉంది, రేడియేటర్ మాత్రం తగ్గుతోంది. నీళ్లు ఎటు పోతున్నాయి?

అల్లం బండి, గజపతినగరం:

నమస్కారమండీ. మాది 2006 నాటి డీజిల్ పికప్. నాన్నగారు కొన్నది, ఇప్పటికీ లాగుడుకు లోటు లేదు. సాలూరు మీదుగా ఘాట్ ఎక్కి పొట్టంగి వైపు సంతల నుంచి అల్లం, కూరగాయలు తెస్తుంటాను. రామభద్రపురం, సాలూరు దాకా టెంపరేచర్ ముల్లు సగం దాటదు. ఘాట్ మీది సుంకి దగ్గర పడేసరికి ఎర్రగీత వైపు పాకుతుంది. మర్నాడు పొద్దున్న రేడియేటర్ మూత తీస్తే లీటరుకు పైగా నీళ్లు పడుతున్నాయి. పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలో మాత్రం మట్టం ఎప్పుడూ పై గీత దగ్గరే ఉంటోంది. రాత్రంతా బండి కింద అట్టముక్క పరిచి చూశాను, ఒక్క చుక్క లేదు. ఇంజిన్ ఆయిల్ శుభ్రంగా ఉంది, తెల్లపొగ లేదు. షెడ్డులో ఇంజిన్ పైభాగం, అదే హెడ్, విప్పాల్సిందే అంటున్నారు. సంక్రాంతి ముందు బండి ఆగిపోతే ఇల్లు గడవడం కష్టం. అంతవరకూ వెళ్లకముందు చూడదగ్గవి ఏమైనా ఉన్నాయా?

కోట వీధి, విజయనగరం:

హెడ్ గాస్కెట్, అంటే హెడ్‌కీ ఇంజిన్ దిమ్మకీ మధ్యనుండే పలుచటి బిగింపు రేకు, పోయిందన్న అనుమానాన్ని కొట్టిపారేయకండి. మా బావగారి కారుకూ మొదట నీళ్లు తగ్గడం ఒక్కటే కనిపించింది. ఆయిల్ మూత లోపల మీగడలాంటి మడ్డి చాలా రోజుల తరువాత గాని రాలేదు. ముల్లు పైకి పోతుంటే మాత్రం లాగించకండి, హెడ్ వంగిపోతుంది.

పాత మెకానిక్, సాలూరు:

అల్లం బండి గారూ, ఘాట్ ఎక్కే లారీల మధ్యే నా జీవితమంతా గడిచింది. ఇప్పుడే హెడ్ విప్పించకండి, నా మాట వినండి. డబ్బా నిండుగా, రేడియేటర్ వెలితిగా ఉందన్నారు. అసలు సంగతి అక్కడే ఉంది.

వేడికి కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, పొంగి, మూతలోని పెద్ద స్ప్రింగును నెట్టుకుని సన్న గొట్టం గుండా డబ్బాలోకి వెళ్తుంది. ఇంజిన్ చల్లారాక లోపల గుంజుడు పుడుతుంది. అప్పుడు మూత మధ్యనున్న చిన్న వాల్వు తెరుచుకుని, వెళ్లినదంతా వెనక్కి రావాలి. ఆ వాల్వు మడ్డి పట్టి అతుక్కుపోయినా, సన్న గొట్టం చీలి గాలి పీలుస్తున్నా అది తిరిగి రాదు. డబ్బా నిండాక మిగిలినది ఘాట్ రోడ్డు మీదే ఒలికిపోతుంది. రాత్రి పరిచిన అట్టముక్క మీద ఇక ఏం పడుతుంది?

పొద్దున్నే, బండి పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, రేడియేటర్ పై హోస్ పైపు చూడండి. లోపలికి పీక్కుపోయి చదునుగా ఉంటే వాల్వు పనిచేయడం లేదు. మూత వదులు చేయగానే గాలి పీల్చిన చప్పుడు వచ్చి పైపు మళ్లీ గుండ్రంగా అవుతుంది. పైపు గుండ్రంగానే ఉండి డబ్బాలో మట్టం కదలకపోతే గొట్టాన్ని చివరి నుంచి చివరి దాకా తడిమి చూడండి.

పెద్ద స్ప్రింగు కూడా ముఖ్యమే. మూత మీద 0.9 అని ఉంటే అది 0.9 బార్ ఒత్తిడిని ఆపాలి. ఆ ఒత్తిడిలో ఉత్త నీళ్లయినా సుమారు 118 డిగ్రీల దాకా మరగవు. పట్టు వదిలిన మూతతో 100 దగ్గరే మరిగిపోతాయి. చదును రోడ్డు మీద ఆ లోపం బయటపడదు. లోడుతో సెకండ్ గేరులో మలుపులు ఎక్కేటప్పుడు బయటపడుతుంది.

గాస్కెట్ సంగతి కూడా తేల్చుకోండి. చల్లటి ఇంజిన్‌లో మూత తీసి, నిండుగా పోసి స్టార్ట్ చేయండి. బుడగలు ఆగకుండా వస్తుంటే, లేదా మూత పెట్టి నడిపిన ఒకటి రెండు నిమిషాలకే పై పైపు రాయిలా బిగుసుకుంటే, సిలిండర్ గ్యాసు నీళ్లలోకి వస్తున్నట్టే. అప్పుడు కోట వీధి వారి మాటే నిజం. వాటర్ పంపు అడుగున చిన్న రంధ్రం ఉంటుంది, దాని చుట్టూ ఎండిన చారిక ఉందేమో చూడండి. వేడి ఇంజిన్ మీద పడ్డ చుక్క నేల దాకా రాదు.

వేడి మీద మూత ముట్టుకోవద్దు. మొహం కాలిన కుర్రాళ్లను చూశాను.

అల్లం బండి:

నమస్కారమండీ. పై పైపు నిజంగానే అతుక్కుపోయి ఉంది! మూత కదపగానే మీరు చెప్పిన చప్పుడు వచ్చింది. మూత తిరగేసి మధ్య బిళ్లను గోటితో లాగితే కదలలేదు, అంచు రబ్బరు పగిలిపోయింది. బుడగలు లేవు. పంపు రంధ్రం కింద మాత్రం వేలెడు పొడుగున పచ్చటి చారిక ఉంది.

పాత మెకానిక్, సాలూరు:

మంచి మాట చెప్పారు. అదే ఒత్తిడి అంకె ఉన్న కొత్త మూత వేయండి, ఎక్కువ అంకెది వేయకండి, పాత రేడియేటర్ అతుకులు తట్టుకోవు. దారిలో బోరు నీళ్లు కలిపి ఉంటారు కాబట్టి మొత్తం దించి కడిగించండి. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోయండి. పోసేటప్పుడు బండి ముక్కు ఎత్తులో ఉండాలి, క్యాబిన్ హీటరు తెరిచి ఉంచాలి, లేకపోతే గాలి చిక్కుకుంటుంది. ఘాట్ ఎక్కి ఆపగానే ఇంజిన్ కట్టేయకుండా రెండు మూడు నిమిషాలు నడవనివ్వండి. ఆ చారిక మీద సుద్దతో గీత గీసి ఉంచండి, తడిస్తే పంపు మార్చాల్సిందే.

అల్లం బండి:

లోడుతో వెళ్లి వచ్చానండీ. సుంకి దాటినా ముల్లు సగం మీదే ఉంది. పొద్దున్న చూస్తే రేడియేటర్ అంచు దాకా నిండుగా ఉంది, డబ్బా మట్టం తగ్గి కింది గీతకు కాస్త పైన ఉంది. సుద్ద గీత ఒక పక్క తడిసింది. పండుగ కాగానే పంపు మార్పిస్తాను, అప్పటిదాకా బండిలో కూలెంట్ డబ్బా పెట్టుకుని తిరుగుతాను.

పాత మెకానిక్, సాలూరు:

పంపుతో పాటు బెల్టు, ఇంజిన్ వేడెక్కాక రేడియేటర్‌కు నీళ్లు వదిలే థర్మోస్టాట్ కూడా వేయించండి, ఎలాగూ విప్పుతారు కదా. సాలూరు వస్తే బండి చూపించండి.