పుస్తకంలో ఒక జపనీస్, ఒసాకాలో ఇంకో జపనీస్: మీ అనుభవాలు చెప్పండి

గోదారి_పిల్ల: టోక్యోలో రెండేళ్ళుండి, జపనీస్ భాషా పరీక్షలో మధ్య స్థాయి అయిన ఎన్3 పాసై పోయిన నెల ఒసాకా వచ్చాను. మొదటి వారమే మా సీనియర్ ప్రొజెక్టర్ చూపించి "కొరె నవోషితొయితె" అని వెళ్ళిపోయారు. నవోసు అంటే బాగుచేయడం అని కదా చదువుకున్నాం, అరగంట కేబుళ్ళన్నీ పీకి పెట్టి చూశాను, ఎక్కడా లోపం లేదు. ఆయన తిరిగొచ్చి బీరువా తలుపు తీసి చూపించారు. ఇక్కడ ఆ మాటకి తీసి దాని చోట పెట్టేయడం అని కూడా అర్థమట! తెలియని మాటైతే అడిగేదాన్ని. తెలుసనుకోవడం వల్లే ఈ తంటా.

ఫుకుఓకా_స్టూడెంట్: మా ఫుకుఓకా ఉన్న క్యూషూ దీవిలో కూడా అదే అర్థం అక్కా. నాకైతే క్యాంటీన్‌లో ఒకమ్మాయి ఖాళీ కుర్చీ చూపించి "తొత్తో తొ?" అంది, పక్కనున్నతను కూడా "తొత్తో తొ" అన్నాడు, నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. ఈ సీటు ఎవరికైనా ఆపి ఉంచారా అని ఆమె అడిగింది, ఆపి ఉంచానని అతను చెప్పాడు, అంతే. చివరి "తొ" ఇక్కడి హకాటా యాస, ప్రశ్నకీ జవాబుకీ అదే.

విజయవాడ_రవి: మాటలు నేర్చుకోవచ్చండి, స్వరమే కష్టం. "హషి" మొదట పైకెత్తి తర్వాత దించితే టోక్యోలో తినడానికి వాడే పుల్లలు (చాప్‌స్టిక్స్), ఒసాకాలో వంతెన. టోక్యోలో వంతెన అనాలంటే రెండో అక్షరం ఎత్తాలి. తెలుగులో స్వరం ఎత్తి దించితే మాట అర్థం మారదు కాబట్టి మన చెవి దాన్ని పట్టించుకోదు. ఒసాకా వాళ్ళు మాట్లాడుతుంటే వాళ్ళ మాటే వెంటనే వాళ్ళలాగే అనేసి చూడండి, నాకు అలాగే పట్టుబడింది.

హిరోసాకి_మంచు: ఉత్తరాన మా త్సుగరు వైపు రండి. "దొసా?" "యుసా." ఎక్కడికి అంటే స్నానానికి, సంభాషణ అయిపోయింది.

కరీంనగర్_బిడ్డ: దక్షిణాన ఒకినావా దీవుల మాటల్ని మాత్రం యాస అనకండి, అవి వేరే భాషలు. 2009లో యునెస్కో ప్రమాదంలో ఉన్నవని గుర్తించిన జపాన్ భాషలు 8, వాటిలో ఒకినావా, మియాకో, యొనగుని ఉన్నాయి. ఒకప్పుడు అక్కడి బడుల్లో సొంత మాట మాట్లాడిన పిల్లల మెడలో చెక్క పలక వేసేవాళ్ళు, ఇంకొకరు దొరికేదాకా అది మెడలోనే. అది చదివినప్పుడు నా కడుపు మండింది. మా యాసకి నవ్విన టీచర్ నాకూ ఉన్నారు.

గోదారి_పిల్ల: అందరికీ థ్యాంక్స్. రవి గారూ, ఇవాళ రైల్లోనే మొదలుపెడతా. ఇప్పుడు ఎవరు "నవోషితొయితె" అన్నా ముందు "దొకొ ని?", ఎక్కడ పెట్టాలి అని అడుగుతున్నాను, రిపేర్ చేయాల్సిందైతే వాళ్ళే చెప్తున్నారు.