ఫ్లెమింగోలు దిగిన చెరువు పేరు దాచడం సరైనదేనా?

హన్మకొండ కెమెరా: పోయిన ఆదివారం ఇక్కడ ఒకాయన పదకొండు ఫ్లెమింగోల ఫొటో పెట్టి, మన జిల్లాలోనే, చెరువు పేరు మాత్రం అడగొద్దు అని రాశారు. ఇదేం పద్ధతి? పోయిన జనవరిలో మా పాపకు వాటిని చూపించాలని రాత్రి బండెక్కి గూడూరులో దిగి, అక్కణ్నుంచి సూళ్లూరుపేట, అక్కణ్నుంచి శ్రీహరికోట రోడ్డు పట్టుకుని పులికాట్ దాకా పోయాం. తీరా చూస్తే నీళ్లకు అవతలి అంచున తెల్లటి గీత. అవేనన్నారు. ఎక్కడ నాన్నా, ఎక్కడ నాన్నా అని పాప అడుగుతూనే ఉంది. ఇప్పుడు ఇంటి దగ్గరే దిగితే చెప్పరా?

నీటి అంచు: ఆ ఫొటో నాదే. మీ కోపం అర్థమైంది, అయినా చెప్పను. ఫ్లెమింగో తినే తీరు దగ్గరగా చూశారా? తల తలకిందులు చేసి, ముక్కు పైభాగం కిందికి వచ్చేలా నీళ్లలో పెట్టి, నాలుకతో నీళ్లు లాగి బయటికి తోస్తూ నాచునూ చిన్న చిన్న రొయ్యల్లాంటి జీవులనూ వడగట్టుకుంటుంది. గంటల తరబడి అదే పని. ఆ గులాబీ రంగు కూడా తిండిలోంచి వచ్చిందే. బెదిరిస్తే కొంగలాగా ఒక్క ఊపున లేవదు, నీళ్ల మీద పరుగెత్తి లేవాలి. ఎక్కువగా ఉప్పునీళ్లలో బతికే పక్షికి మన చెరువు దారిలో మజిలీ. నేను కట్ట దిగలేదు. ఎండ వీపు మీద పడేలా మర్రిచెట్టు కింద బైనాక్యులర్ పెట్టుకుని కూర్చున్నా. అన్నీ ఒకేసారి తలలెత్తాయంటే మనల్ని చూశాయన్నట్టు. మెడలు నిటారుగా పెట్టి ఒకే దిక్కుకు నడక మొదలుపెడితే ఇంక అడుగు వేయొద్దు, వెనక్కి రావాలి. ఎంతమంది వింటారు ఈ మాట? డ్రోన్ ఎగరేసేవాడు ఒక్కడొచ్చినా చాలు.

పాత పంతులు: ఫ్లెమింగో ఏమిటండీ, రాజహంస అనండి.

ములుగు బాతు: పేపర్లవాళ్లు రాస్తారు గానీ అది హంస జాతే కాదు సార్. చలికాలం వచ్చే, తల మీద రెండు నల్లచారలున్న బాతునూ కొందరు రాజహంస అనే అంటారు.

పాత పంతులు: అమరకోశం చూడండి. తెల్లని ఒళ్లు, ఎర్రని ముక్కు, ఎర్రని కాళ్లు ఉంటే రాజహంస. మీ బాతు ముక్కు పసుపు.

హన్మకొండ కెమెరా: పేరు గొడవ తర్వాత పెట్టుకోండి. నీటి అంచు గారూ, మీ ఫొటో వచ్చిన రెండు రోజులకే ఇంకో ఇద్దరు అదే మర్రిచెట్టు కింద నుంచి తీసినవి పెట్టారు. పెద్ద లెన్సులున్న పదిమంది మీలో మీరు చెప్పుకుంటారు. వాళ్లకు చెప్పి నాకు చెప్పకపోవడం కూడా పక్షి కోసమేనా?

నీటి అంచు: వాళ్లు పదేళ్లుగా తెలుసు. మీరెవరో నాకు తెలియదు. లెన్సుల మాట తేవద్దు, నోరు జారకండి.

తూముకాడ: నేను ఆ ఊరి మత్స్యసంఘంలో సభ్యుణ్ని. వారం నుంచి చదువుతున్నా, ఇంక ఆగలేక రాస్తున్నా. మా చెరువు పేరు మీరు దాచుడేంది, చెప్పుడేంది? మమ్మల్ని ఒక్కరన్నా అడిగారా? నిరుడు ఎవరో కెమెరాలతో వచ్చి, ఒడ్డు దాకా పోవడానికి అడ్డమొచ్చాయని వల గుంజలు పీకి పడేసి పోయారు. వల నిలువునా చిరిగింది, మూడు వేలు పోయాయి. ఇంకో మాట. నీళ్లు తగ్గి శిఖం భూమి, అంటే చెరువు లోపలి నేల, తేలితే అంచున కాస్త లోతులేని నీళ్లుంటాయి, అవి దిగేది అక్కడే. కాలువ నీళ్లు వదిలారంటే ఆ అంచు మునుగుతుంది, అవి పోతాయి. వదలొద్దని మేం అనలేం, కింద వరి ఉంది.

నీటి అంచు: వల సంగతి నాకు తెలియదు తమ్మీ, బాధగా ఉంది. అందుకే కదా చెప్పొద్దంటున్నా.

తూముకాడ: అది మీరొక్కరే ఎట్లా తేలుస్తారని నేనంటున్నా. పాపను తీసుకొచ్చే ఆయన రావాలె. బండి ఊళ్లో పెట్టి, తూము దాకా నడిచి, కట్ట మీదనే కూర్చుంటే మాకేం ఇబ్బంది లేదు. మేం రోజూ తెప్ప మీద పోతుంటాం, మాకు అవి అంతగా బెదరవు.

హన్మకొండ కెమెరా: ఎన్నింటికి రమ్మంటారన్నా?

నీటి అంచు: ఇవాళ ఒకరు, రేపు యాభై మంది. నేను ఒప్పుకోను.

తూముకాడ: ఆరింటికి. మెసేజ్ చేయండి, దారి చెప్తా. రాత్రి కాలువ వదిలారు, ఇయ్యాల పొద్దున తొమ్మిదే ఉన్నయి.