ఏడు సిస్టమ్‌ల ఆఫీసుకి ఫైర్‌వాల్ పెట్టె నిజంగా కావాలా? (రాయగడ)

మందుల_హోల్‌సేల్_రాయగడ:
అన్నలూ, ఒక సలహా కావాలి. మాది రాయగడలో మందుల హోల్‌సేల్. కౌంటర్‌లో నాలుగు, లోపల మూడు, మొత్తం ఏడు సిస్టమ్‌లు. అందులో ఒకటి సర్వర్ అని పేరే గానీ మామూలు డెస్క్‌టాపే, బిల్లింగు, ట్యాలీ డేటా అంతా దాన్లోనే ఉంటుంది. మా లెక్కలు చూసే ఆయన పార్వతీపురంలో ఉంటారు, రోజూ రైలెక్కి రాలేరు కదా అని రెండేళ్ల కిందట స్టాటిక్ ఐపీ (మారకుండా ఉండే ఇంటర్నెట్ అడ్రసు) తీసుకుని, ఇంటర్నెట్ కుర్రాడితో రూటర్‌లో 3389 పోర్ట్ (రిమోట్ డెస్క్‌టాప్ వాడే తలుపు నంబరు) తెరిపించాం. ఆయన ఇంటి నుంచే రిమోట్ డెస్క్‌టాప్‌లో పని చేసుకుంటారు.

మొన్న సోమవారం పొద్దున్నే ఫోన్ చేసి "బాబూ, నా అకౌంట్ లాక్ అయిందంటోంది, నువ్వేమైనా కెలికావా" అన్నారు. విండోస్ చిట్టా చూపించే ఈవెంట్ వ్యూయర్ తెరిచి చూస్తే 4625 అనే నంబరుతో (లాగిన్ కుదరలేదని అర్థం) ఎర్రర్‌లు, మౌస్ చక్రం ఎంత తిప్పినా కిందికి అయిపోవడం లేదు. రాత్రి రెండు గంటలప్పుడు ఎవడో అడ్మిన్, అడ్మినిస్ట్రేటర్, టెస్ట్, ఆఖరికి ట్యాలీ అని కూడా పేర్లు మార్చి మార్చి లాగిన్‌కి ప్రయత్నించాడు. నాకు చేతులు చల్లబడ్డాయి.

సిస్టమ్‌లు అమ్మే ఆయన్ని పిలిస్తే ఫైర్‌వాల్ పెట్టె పెట్టాలి, 48 వేలు, ఏడాది తర్వాత లైసెన్సు రెన్యువల్ వేరే అన్నాడు. ఆ డబ్బుతో ఇన్సులిన్‌కి ఇంకో ఫ్రిజ్ కొనుక్కోవచ్చు కదా అంటారు మా నాన్నగారు. ఇంతకీ ఆ పెట్టె ఏం చేస్తుంది? పెడితే ఈ టెన్షన్ పోతుందా?

గుణుపురం_కుర్రాడు:
మంచి యాంటీవైరస్ వేసుకో అన్నా, చాలు. మా షాపులో అదే ఉంది, ఇంతవరకు ఏమీ కాలేదు.

బరంపురం_నెట్‌వర్క్:
గుణుపురం తమ్ముడూ, ఇంతవరకు కాలేదన్నది లెక్కలోకి రాదు. యాంటీవైరస్ సిస్టమ్ లోపలికి వచ్చిన ఫైలుని చూస్తుంది. ఇక్కడ ఫైలే లేదు, ఎవడో లాగిన్ స్క్రీన్ ముందు కూర్చుని పాస్‌వర్డ్‌లు కొడుతున్నాడు. పాస్‌వర్డ్ దొరికితే వాడు మీ మనిషిలాగే లోపలికి వస్తాడు, వచ్చి ముందు యాంటీవైరస్‌నే తీసేస్తాడు.

రాయగడ తమ్ముడూ, కొనడం సంగతి తర్వాత, ముందు ఇవాళే రూటర్‌లో ఆ 3389 ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చేదాన్ని నీ సర్వర్‌కి పంపే రూల్) తీసేయించు. పైసా ఖర్చు లేదు. వాడెవడో నీ షాపు పేరు తెలిసి వచ్చినవాడు కాదు. ఇంటర్నెట్‌లో ఉన్న ఐపీలన్నిటినీ వరసగా తడుముతూ పోయే ప్రోగ్రాములు రాత్రింబగళ్లు నడుస్తుంటాయి, ఎక్కడ 3389 పలికితే అక్కడ ఆగుతాయి. పోర్ట్ నంబరు 33890కి మార్చుకోమని ఎవరైనా చెబితే వినకు, ఉన్న 65 వేల చిల్లర పోర్టుల్నీ వెతకడం వాటికి పెద్ద పని కాదు.

ఇక ఫైర్‌వాల్ ఏం చేస్తుందంటావా, మన బోర్డర్‌లో జీఎస్టీకి ముందు ఉన్న చెక్‌గేట్లు గుర్తున్నాయిగా, 2017లో తీసేశారు, దాదాపు అదే పని. ప్రతి డేటా ముక్క మీదా ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఏ పోర్టుకి అని రాసి ఉంటుంది. మన ఆఫీసు నుంచి వెళ్లిన లారీని గేటువాడు తన పుస్తకంలో రాసుకుంటాడు, దానికి జవాబుగా తిరిగొచ్చే సరుకుని లోపలికి వదులుతాడు. ఎవరూ అడగకుండా బయటి నుంచి తనంతట తాను వచ్చిన లారీని వెనక్కి పంపేస్తాడు. నీ మామూలు రూటర్ కూడా ఇంతవరకు చేస్తుంది. కాకపోతే నువ్వే గేటు ఎత్తి, 3389 అని రాసున్న ప్రతి లారీనీ సరాసరి గోడౌన్‌లోకి పంపమన్నావు, అది పంపింది.

పెట్టె కొంటే అదనంగా వచ్చేవి: ఏ సిస్టమ్ బయట ఎక్కడికి వెళ్లొచ్చో కూడా రూల్ రాయొచ్చు. దీన్ని మనవాళ్లు పట్టించుకోరు గానీ నా లెక్కలో ఇదే ఎక్కువ అవసరం. లోపలికి దూరిన వైరస్ కూడా తన యజమానితో మాట్లాడాలంటే బయటికి వెళ్లాల్సిందే కదా. రెండోది, ఆఫీసుని గదులుగా విడగొట్టొచ్చు. 2017 మేలో వన్నాక్రై (ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగే వైరస్) వచ్చినప్పుడు మార్చిలోనే మైక్రోసాఫ్ట్ ప్యాచ్ (లోపం సరిచేసే అప్‌డేట్) ఇచ్చినా వేసుకోనివాళ్లు మునిగారు, అది ఫైల్ షేరింగ్ వాడే 445 పోర్ట్ పట్టుకుని ఒక సిస్టమ్ నుంచి పక్క సిస్టమ్‌కి తనంతట తానే పాకింది. బయట గేటు ఎంత గట్టిదైనా లోపల అంతా ఒకే హాలైతే అంతే సంగతులు. మూడోది లాగ్‌లు, అంటే ఎవరు ఎప్పుడు వచ్చారు, వెళ్లారు అనే చిట్టా. 2022 ఏప్రిల్‌లో సర్ట్-ఇన్ (కేంద్రప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఇచ్చిన ఆదేశాల్లో లాగ్‌లు 180 రోజులు దాచాలని, ఘటన తెలిసిన 6 గంటల్లో తమకు చెప్పాలని ఉంది.

నీ లెక్కల ఆయన కోసం వీపీఎన్ (తాళం ఉన్నవాళ్లకే ఆఫీసు నెట్‌వర్క్‌లోకి రహస్య దారి) పెట్టుకో. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ ఉచితమే, తాళం లేనివాడు తలుపు తడితే అది అసలు పలకదు, అక్కడ తలుపున్నట్టు కూడా వాడికి తెలీదు. పాత డెస్క్‌టాప్ ఒకటి, రెండు ల్యాన్ కార్డులు ఉంటే ఓపీఎన్‌సెన్స్ అనే ఉచిత ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్ వేసి ఫైర్‌వాల్‌గా వాడుకోవచ్చు. కానీ దాన్ని చూసుకునే మనిషి ఉండాలి. లేకపోతే 48 వేల పెట్టే నయం, అదీ పెట్టి వదిలేయకుండా అప్‌డేట్‌లు వేసేవాడుంటేనే.

ఇంకోటి. కౌంటర్ సిస్టమ్‌లలో విండోస్ ఫైర్‌వాల్ ఆన్‌లో ఉందో లేదో చూడు. బిల్లు ప్రింట్ రావట్లేదని సర్వీసు కుర్రాడు ఎప్పుడో ఆఫ్ చేసి పోయి ఉంటాడు, నేను వెళ్లిన ప్రతి రెండో షాపులో ఇదే.

పర్లాకిమిడి_పాతకాపు:
బరంపురం బాబు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం గానీ నా గోడు కూడా వినండి. మా దగ్గర పెట్టె ఉంది, లైసెన్సూ ఉంది. అయినా పోయిన ఏడాది మునిగాం. సప్లయర్ పేరుతో ఇన్వాయిస్ అని మెయిల్ వచ్చింది, మా గుమస్తా తెరిచాడు, దాని వెనకే అన్ని ఫైళ్ల పేర్లూ మారిపోయాయి. ఫైర్‌వాల్ ఎందుకు పట్టలేదంటే ఇప్పుడు వెబ్‌లో నడిచేదంతా దాదాపు ఎన్‌క్రిప్షన్‌లోనే నడుస్తోంది, గేటువాడికి సీలు వేసిన కంటెయినరే కనిపిస్తుంది, లోపల ఏముందో తెలియదు. సీలు విప్పి చూసే సెట్టింగ్ మా పెట్టెలో ఉందిట, నెట్ స్లో అవుతుందని ఇన్‌స్టాల్ చేసినవాళ్లు ఆఫ్‌లో ఉంచారు, మాకెవరూ చెప్పలేదు. బ్యాకప్ హార్డ్‌డిస్క్ కూడా సర్వర్‌కే గుచ్చి ఉంది, అదీ దాంతో పాటే పోయింది. మూడు నెలల బిల్లులు కాగితాలు చూసి మళ్లీ కొట్టించాను, మా ఆవిడా కోడలూ కూడా కూర్చుని కొట్టారు. రోజూ సాయంత్రం బ్యాకప్ తీసి, డిస్క్ ఊడదీసి బీరువాలో పెట్టు నాయనా.

మందుల_హోల్‌సేల్_రాయగడ:
అందరికీ థాంక్స్. ఆ రోజే 3389 మూయించాను, మర్నాడు చూస్తే 4625లు ఒక్కటీ లేవు. రూటర్‌లో యూపీఎన్‌పీ (పరికరాలు అడిగిన పోర్టు తనంతట తెరిచే సెట్టింగ్) అని ఒకటి ఆన్‌లో ఉంది, దాని ద్వారా సీసీ కెమెరాల డీవీఆర్ (రికార్డింగ్ పెట్టె) తనకు కావలసిన పోర్టు తనే తెరుచుకుని కూర్చుంది! పాస్‌వర్డ్ కూడా ఫ్యాక్టరీలో ఇచ్చిందే. రెండూ మార్చాను.

బరంపురం అన్నా, మీరన్నట్టే నాలుగింట్లో మూడు కౌంటర్లలో విండోస్ ఫైర్‌వాల్ ఆఫ్. ఇంకో పాయింటు, మందుల కంపెనీ రెప్‌లు వచ్చినప్పుడు వైఫై అడుగుతారని పాస్‌వర్డ్ రాసి కౌంటర్ అద్దానికి అంటించి పెట్టాం, అదే నెట్‌వర్క్‌లో సర్వర్ కూడా ఉంది. వాళ్లకి వేరే గెస్ట్ వైఫై పెట్టాను. వైర్‌గార్డ్ ఇంకా పూర్తి కాలేదు, లెక్కల ఆయన "రెండుసార్లు క్లిక్ చేయాలా, ఇదివరకు ఒకసారే కదా" అని విసుక్కుంటున్నారు.

డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ ఉన్న సిస్టమ్ ఇంకా విండోస్ 7. దాన్నేం చేయమంటారు?

బరంపురం_నెట్‌వర్క్:
విండోస్ 7కి 2020 జనవరితోనే సపోర్ట్ అయిపోయింది. ప్రింటర్ కోసమే అయితే దానికి ఇంటర్నెట్ పూర్తిగా కోసేయ్, సర్వర్‌తో బిల్లింగ్ పోర్ట్ ఒక్కటే మాట్లాడేలా రూల్ రాయి. దానికి రూటర్ చాలదు, మధ్యలో ఫైర్‌వాల్ ఉండాలి. పాత డెస్క్‌టాప్ ఉందంటే ఆదివారం ఫోటో పెట్టు, ల్యాన్ కార్డు సరిపోతుందో లేదో చెబుతాను.